గ్రీన్ రేటింగ్ కావాలంటే ముందు సింగిల్ లైన్ డ్రాయింగ్ చూడండి

హైదరాబాద్‌లో ఇప్పుడు పెద్ద ఆఫీసు బిల్డింగు కట్టే ఓనర్లలో గ్రీన్ రేటింగ్ (భవనం కరెంటు, నీళ్లు ఎంత పొదుపుగా వాడుతుందో చూసి ఇచ్చే గుర్తింపు) అడగనివాళ్లు తక్కువ. ఆ ముక్క ఎలక్ట్రికల్ డిజైనరుకి చేరేది మాత్రం చాలాసార్లు స్లాబులు పడ్డాకే. అప్పటికి మంచి ఎల్‌ఈడీలు కొనడం తప్ప చేయగలిగింది పెద్దగా ఉండదు. లోడు ఎక్కడ ఎలా విడదీయాలో సింగిల్ లైన్ డ్రాయింగులోనే, అంటే మెయిన్ ప్యానెల్ నుంచి కరెంటు ఎటెటు వెళ్తుందో ఒక్కో గీతతో చూపే పటంలోనే, తేలిపోతుంది. నా దగ్గర పనిచేసే కుర్ర ఇంజనీర్లందరికీ మొదటిరోజు చెప్పేది ఇదే.

రేటింగ్ కోసం ఐజీబీసీకి వెళ్లినా, లీడ్‌కి వెళ్లినా, ఈసీబీసీ 2017 (భవనాల్లో కరెంటు పొదుపు కోసం రాసిన కోడ్) ఎదురుగా పెట్టుకుని డిజైన్ చేయండి. కనెక్టెడ్ లోడు (బిగించిన పరికరాల మొత్తం లోడు) 100 కిలోవాట్లు గానీ, కాంట్రాక్ట్ డిమాండు (కరెంటు సంస్థతో ఒప్పుకున్న గరిష్ఠ వాడకం) 120 కేవీఏ గానీ, అంతకు మించి గానీ ఉన్న వాణిజ్య భవనాల కోసం రాసిన కోడ్ అది.

ఫ్లోరుకి వెయ్యి చదరపు మీటర్లున్న ఆఫీసు తీసుకుందాం. అలవాటు ప్రకారం ఫ్లోరుకి ఒక డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు) పెట్టి లైట్లు, ప్లగ్గులు, ఏసీ ఇండోర్ యూనిట్లు అన్నీ అందులోంచే లాగుతారు. ఆ పద్ధతి మానుకోండి. ఒకసారి అలా కలిపేస్తే లైట్లు ఎంత తింటున్నాయో, ఏసీ ఎంత తింటుందో ఆ తర్వాత ఎవరూ చెప్పలేరు. లైటింగుకి ఒకటి, యూపీఎస్‌కి ఒకటి, మామూలు ప్లగ్గులకి ఒకటి, ఏసీకి ఒకటి అని డీబీలు విడదీసి, ప్రతిదాని ఇన్‌కమర్ (కరెంటు లోపలికొచ్చే మెయిన్ స్విచ్) దగ్గర ఎనర్జీ మీటరు చూపించండి. లిఫ్టులు, పంపులు, బయటి లైట్లు మెయిన్ ప్యానెల్లోనే వేరు కావాలి. డీబీల సంఖ్య పెరిగింది కాబట్టి ఖర్చు పెరుగుతుందని క్వాంటిటీ సర్వేయర్ అంటాడు. నిజమే, పెరుగుతుంది. కట్టాక విడదీయాలంటే సీలింగు విప్పాలి, అప్పుడయ్యే ఖర్చు దీనికి ఎన్నో రెట్లు.

మీటరు సైజు దగ్గర ఇంకాస్త ఆగండి. ఆ ఫ్లోరు లైటింగు లోడు 9.5 కిలోవాట్లనుకుంటే, త్రీ ఫేజులో లైనుకి వచ్చేది సుమారు 14 ఆంపియర్లు. దానికి 100/5 సీటీ (100 ఆంపియర్లని 5కి తగ్గించి మీటరుకిచ్చే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) తగిలిస్తే, సాయంత్రం సగం లైట్లు ఆరిపోయాక వచ్చే చిన్న కరెంటుని అది సరిగ్గా కొలవదు. ఇంత చిన్న లోడుకి సీటీ అక్కర్లేని డైరెక్ట్ మీటరు చాలు.

లైటింగులో ఈసీబీసీ ఆఫీసుకి ఇచ్చిన హద్దు చదరపు మీటరుకి 9.5 వాట్లు. అదే కోడ్‌లో ఇంకా కఠినమైన మెట్లయిన ఈసీబీసీ ప్లస్‌కి 7.6, సూపర్ ఈసీబీసీకి 5. నాలుగు చదరపు మీటర్లకి ఒక 36 వాట్ల ప్యానెల్ వేస్తే 9 వాట్లవుతుంది, అంచుమీద గట్టెక్కుతారు. వాట్‌కి 120 ల్యూమెన్ల వెలుగిచ్చే 26 వాట్ల ప్యానెల్ అదే దూరంలో వేస్తే 6.5 వాట్లకే సరిపోతుంది, బల్లమీద దాదాపు 370 లక్స్ పడుతుంది. ఆఫీసు పనికి ఆ వెలుగు చాలు. అంతకు మించి వేయమని ఆర్కిటెక్ట్ పట్టుబడితే లెక్క చూపించండి, వాదనకి దిగకండి.

సర్క్యూట్లు కిటికీకి సమాంతరంగా వెళ్లాలి. సైటులో ఎలక్ట్రీషియన్ తలుపు దగ్గర మొదలుపెట్టి కిటికీ వైపు అడ్డంగా లాగుతాడు, ఎందుకంటే కేబుల్ తక్కువ పడుతుంది. అప్పుడు ఎండ పడే చోటున్న లైటు, లోపలి చీకటి మూలలో లైటు ఒకే స్విచ్‌కి వస్తాయి. డేలైట్ సెన్సార్ పెట్టినా దానికి ఆర్పడానికి ఏమీ ఉండదు. కిటికీ పక్క వరసని డ్రాయింగులో వేరే రంగుతో గీసి, కండ్యూట్ వేసే రోజు మీరే వెళ్లి చూడండి.

ఎలక్ట్రికల్ షాఫ్ట్ (కేబుళ్లు ఫ్లోరు నుంచి ఫ్లోరుకి వెళ్లే నిలువు దారి) బిల్డింగు మధ్యలో అడగండి. ఫీడర్లో (మెయిన్ ప్యానెల్ నుంచి డీబీ దాకా) వోల్టేజ్ డ్రాప్ 2 శాతం, బ్రాంచ్ సర్క్యూట్లో (డీబీ నుంచి లైట్లు, ప్లగ్గుల దాకా) 3 శాతం దాటకూడదు. 415 వోల్టుల్లో 2 శాతమంటే 8.3 వోల్టులే. షాఫ్ట్ ఒక మూలకి పోతే ఆ హద్దు కోసం కేబుల్ లావు పెంచుకుంటూ పోవాలి.

పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కేవీఏలో నిజంగా పనికొచ్చే కిలోవాట్ల వంతు) కనీసం 0.97 ఉండాలి. 100 కిలోవాట్లకి 0.85 దగ్గర 118 కేవీఏ కావాలి, 0.97 దగ్గర 103 చాలు. ఎల్‌ఈడీ డ్రైవర్లు, వీఎఫ్‌డీలు (మోటారు వేగం మార్చే పరికరాలు) హార్మోనిక్స్ (కరెంటు అలలో వచ్చే వంకరలు) పుట్టిస్తాయి కాబట్టి ఉత్త కెపాసిటర్లు కాకుండా, వాటిని కాపాడే డీట్యూన్డ్ రియాక్టర్లున్న ఏపీఎఫ్‌సీ ప్యానెల్ (పవర్ ఫ్యాక్టర్‌ని తనంతట తానే సరిచేసేది) రాయండి.

సోలార్ ఇప్పుడే పెట్టకపోయినా పైకప్పు మీద నీడపడని చోటు వదిలి, మెయిన్ ప్యానెల్లో ఒక ఖాళీ బ్రేకరు, షాఫ్టులో ఒక ఖాళీ ట్రే ఉంచండి.

చివరిగా మీటర్లన్నీ ఆర్ఎస్-485 పోర్టు (రీడింగులు కంప్యూటరుకి పంపే కనెక్షన్) ఉన్నవే అని స్పెసిఫికేషన్లో రాయండి. ఏ మీటరుకి ఏ అడ్రసు ఇచ్చారో ఆ పట్టిక డీబీ తలుపు లోపలి వైపు అతికించాకే కాంట్రాక్టర్ చివరి బిల్లు మీద సంతకం చేయండి.