తోరాతో సరిచూసే చదువు – 4వ పాఠం: ఇత్తడి సర్పం

తోరా అంటే బైబిల్లోని మొదటి ఐదు పుస్తకాలు. పోయిన పాఠంలో మందసం (ఒడంబడిక పెట్టె) మీది కెరూబుల, అంటే రెక్కలున్న రూపాల, దగ్గర ఆగాం. నిర్గమకాండం 20లో విగ్రహం చేసుకోవద్దన్న దేవుడే 25లో బంగారు కెరూబులు చేయమన్నాడు. కాబట్టి రూపం కనబడగానే "తోరాకు విరుద్ధం" అని తీర్పు చెప్పేయకూడదని అనుకున్నాం. ఈసారి చిక్కు ఇంకాస్త ముదిరింది. ఎడారిలో పాముకాటు తిన్నవాళ్లు బతికేందుకు తోరా చేయించిన ఇత్తడి సర్పాన్నే తర్వాత ఒక రాజు ముక్కలు చేశాడు, పైగా మెప్పు పొందాడు.

సంఖ్యాకాండం 21:4–9 రెండుసార్లు చదవండి. రెండోసారి పెన్సిలు పట్టుకుని, సర్పం గురించి చెప్పిన క్రియల కింద మాత్రమే గీత గీయండి. చేయాలి, స్తంభం మీద పెట్టాలి, కాటు తిన్నవాడు చూడాలి, బతుకుతాడు. అంతే. మొక్కమని లేదు, ధూపం వేయమని లేదు. దాచుకోమని కూడా లేదు. ఎడారిలో దేవుడిచ్చిన ఆహారమైన మన్నాను తరతరాల కోసం పాత్రలో ఉంచమని నిర్గమకాండం 16 చెబుతుంది, సర్పానికి ఆ మాట రాలేదు. ఏ మాట లేదో గమనించడం ఈ చదువులో సగం పని.

ఇక రాజులు రెండవ గ్రంథం 18:4. సర్పాన్ని ముక్కలు చేసిన యూదా రాజు హిజ్కియా నాటికి, అంటే క్రీ.పూ. 8వ శతాబ్ది చివరికి, జనం ఆ సర్పానికి ధూపం వేస్తున్నారు. మీరు గీసిన గీతల్లో ఆ క్రియ ఉందా? లేదు. తప్పు వస్తువులో లేదు, వాడకంలో వచ్చింది. దాని పేరు నెహుష్టాను. హీబ్రూలో నాహాష్ అంటే పాము, నెహోషెత్ అంటే రాగి లేదా కంచు. ఈ పేరులో రెండూ వినబడతాయి. పేరు పెట్టిందెవరు? హీబ్రూ క్రియ ఏకవచనంలో ఉంది కాబట్టి రాజే అన్నాడనుకోవచ్చు, జనం వాడుకపేరు అనీ చదవచ్చు. నాకైతే రాజు వెటకారమే వినిపిస్తుంది గానీ, పందెం మాత్రం కాయను.

తర్వాతి బోధను కూడా ఇలాగే పరీక్షించాలి. సుమారు క్రీ.శ. 200లో కూర్చిన మిష్నాలో (యూదు రబ్బీల మౌఖిక బోధల సంకలనం), రోష్ హషానా 3:8లో ఒక ప్రశ్న ఉంది: చంపేది పామా, బతికించేది పామా? జవాబు: ఇశ్రాయేలీయులు పైకి చూసి, పరలోకమందున్న తండ్రికి హృదయాలు లోబరచినప్పుడు బాగుపడ్డారు. "హృదయం" అనే మాట సంఖ్యాకాండం 21లో లేదు. మరి ఇది ద్వితీయోపదేశకాండం 4:2లో దేవుని ఆజ్ఞలకు వద్దన్న "కలపడమేనా"? కాదంటాను. కొత్తగా ఏ పనీ చేయమనలేదు, చూడడమంటే ఏమిటో చెప్పింది. 7వ వచనంలో జనం పాపం ఒప్పుకుని ప్రార్థన అడిగిన తీరుకూ అది సరిపోతుంది. మీ నోటుపుస్తకంలో దాని పక్కన "వివరణ" అని రాయండి, "ఆజ్ఞ" అని కాదు.

మిష్నా మీద రబ్బీల చర్చలు కూర్చిన తల్మూదులో, హుల్లిన్ భాగంలో ఇంకో ముచ్చట ఉంది. ఆసా, యెహోషాపాతు విగ్రహాలు తీసేసిన రాజులే కదా, సర్పాన్ని ఎందుకు వదిలేశారు? హిజ్కియా పేరు తెచ్చుకునేందుకు పూర్వీకులు చోటు మిగిల్చారట! దీన్ని తోరాతో తూచనక్కర్లేదు, చదివి ముచ్చటపడితే చాలు.

ఒక జాగ్రత్త: "కలపవద్దు" అనే మాటే మళ్లీ మన బైబిల్లో ద్వితీయోపదేశకాండం 12:32గా కనబడుతుంది, హీబ్రూ ప్రతుల్లో అదే 13:1. యూదుల పుస్తకాల్లో వెతికేటప్పుడు తికమకపడకండి.

వచ్చే పాఠానికి అభ్యాసం: న్యాయాధిపతులు 8:24–27. గిద్యోను బంగారంతో ఏఫోదు (ఆరాధనకు సంబంధించిన ఒక పైవస్త్రం) చేయించి ఒఫ్రాలో ఉంచాడు. పక్కన నిర్గమకాండం 28 పెట్టుకుని క్రియలకు గీతలు గీయండి. ఏఫోదు ఎవరు తొడుక్కోవాలి, ఎక్కడ, చేయమన్నదెవరు? మూడు జవాబులూ వచన సంఖ్యలతో రాసి ఉంచుకోండి.