దొంగ రాగి ఏ కాటా ఎక్కుతోంది? డెల్టా గ్రామాలకు సమస్య - పరిష్కారం

రొయ్యల చెరువు గట్టు మీది ఏరియేటర్ కేబుల్ రాత్రికి రాత్రి మాయమైందనుకోండి. నీటిలో ప్రాణవాయువు తెల్లవారుజామునే బాగా పడిపోతుంది. ఆ వేళకు ఏరియేటర్ తిరగకపోతే రొయ్య తేలిపోతుంది, పెట్టుబడి మునిగిపోతుంది. ఇంత నష్టం చేసిన దొంగకు దక్కేది కొద్ది కిలోల రాగి. దాన్ని కూడా ఎవరో ఒకరి కాటా మీద పెడితేనే డబ్బు. భీమవరం నుంచి అమలాపురం దాకా ఉన్న కాలువ గట్లూ చెరువు గట్లూ అన్నీ కాపలా కాయడం ఎవరి వల్లా కాదు. పాత ఇనుము కొట్లు మాత్రం ఏ మండలంలోనైనా వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందుకే ఈ చిక్కులన్నింటినీ కొట్టు వైపు నుంచి చూస్తున్నాను.

లక్షణం: కొట్లు తనిఖీ చేసినా పోయిన సరుకు దొరకదు

కారణం: సరుకు అక్కడ నిలిచేది కొద్ది గంటలే. మోటారు పగలగొట్టి వైండింగ్ లాగేసి, కేబుల్ తొడుగు కాల్చేశాక అది ఏ రైతుదో చెప్పడం బ్రహ్మతరం కాదు. మసి పట్టిన రాగి అంతా ఒకేలా ఉంటుంది. సాయంత్రం వ్యాను ఎక్కి పెద్ద గోడౌనుకు పోతుంది.

పరిష్కారం: నిల్వ గడువు పెట్టాలి. మోటార్లు, కేబుళ్లు, ట్రాన్స్‌ఫార్మర్ కాయిళ్లు, ఇత్తడి గంటలు, తూముల షట్టర్ల స్క్రూ రాడ్లు కొంటే వారం పాటు విరగ్గొట్టకుండా, కరిగించకుండా విడిగా ఉంచాలి. అన్ని సరుకులకూ ఈ గడువు పెడితే చిన్న వ్యాపారి పెట్టుబడి ఇరుక్కుపోతుంది. తుప్పు రేకులకు, విరిగిన కుర్చీలకు వారం ఆగడం ఎందుకు? పేచీ వచ్చే సరుకుకే గడువు చాలు. కొట్టు ఆవరణలో కేబుల్ కాల్చడాన్ని పూర్తిగా నిషేధించాలి. ఆ పొగ చుట్టుపక్కల ఇళ్లకూ చేటే.

రైతు చేయవలసిన పని ఒకటుంది. మోటారు బాడీ మీద, కనిపించని చోట కూడా, ఊరి పేరులోని అక్షరం, సర్వే నంబరు పంచ్ చేయించి ఫొటో తీసి పెట్టుకోవాలి. రాగి మీద గుర్తు నిలవదు, ఇనుము మీద నిలుస్తుంది.

లక్షణం: రిజిస్టరు ఉంటుంది, పనికిరాదు

ఇదే అసలు జబ్బు. తనిఖీకి వెళ్లినవారికి అట్టపెట్టెలోంచి ఒక పుస్తకం తీసి చూపిస్తారు. అందులో ఇలా ఉంటుంది: "రాజు, రాగి, 9 కిలోలు, ఇచ్చాము." ఏ రాజు? ఏ ఊరు? తర్వాతి పేజీలోనూ అదే రాజు, అదే సిరా, అదే చేతిరాత. నెలకు సరిపడా వివరాలు ఒకే విడతలో కూర్చుని రాసినట్టు చూడగానే తెలుస్తుంది.

కారణం: పుస్తకం పెట్టమన్నారే కానీ అందులో ఏమి రాయాలో ఎవరూ చెప్పలేదు, రాసింది ఎవరూ చదవలేదు.

పరిష్కారం: పేజీలకు నంబర్లు వేసి, పంచాయతీ ముద్ర కొట్టిన పుస్తకాన్నే వాడించాలి. తేదీ, సమయం, అమ్మినవారి పేరు, ఊరు, ఫోను, చూపించిన గుర్తింపు కార్డు, వచ్చిన బండి నంబరు, బరువు, ఇచ్చిన సొమ్ము రాయాలి. వస్తువు వర్ణన కూడా ఉండాలి. "రాగి" అని ఊరుకోకుండా "కాల్చిన సన్న తీగ, మసి ఉంది" అని రాయాలి. సరుకు కాటా మీద ఉండగా, అమ్మే మనిషి పక్కన నిలబడగా ఫోనుతో ఒక ఫొటో తీస్తే సగం పని అయినట్టే. ఆధార్ జిరాక్సులు గుట్టలుగా పోగేయనవసరం లేదు. డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు, లేదా చివరి నాలుగు అంకెలే కనిపించే ఆధార్ చాలు. పిల్లలు తెచ్చిన సరుకు కొననే కూడదు.

ఈ పుస్తకం వ్యాపారికే రక్ష. మన శిక్షాస్మృతి అయిన భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ ప్రకారం దొంగ సొత్తని తెలిసి కొన్నా, అలా నమ్మడానికి కారణం ఉండి కొన్నా మూడేళ్ల వరకు జైలు. అదే అలవాటైన వ్యాపారమైతే పదేళ్లు, లేదా యావజ్జీవం దాకా పోతుంది. వివరం లేని పుస్తకం పెట్టి, కాల్చిన రాగిని అర్ధరాత్రి సగం ధరకు కొని "నాకు తెలియదండీ" అంటే ఏ కోర్టూ నమ్మదు. రైలు సామాను విషయంలో 1966 నాటి చట్టం ఇంకా కఠినం. అది తనకు సక్రమంగానే వచ్చిందని నిరూపించుకోవలసింది దాన్ని దగ్గర పెట్టుకున్నవాడే.

లక్షణం: "షరతులు పెట్టడానికి మీరెవరు?" అని ఎదురు ప్రశ్న

కారణం: కొట్టు నడుపుకోవడానికి పంచాయతీ ఇచ్చే ట్రేడ్ లైసెన్సును ఇన్నాళ్లూ ఫీజు రసీదుగానే చూశాం.

పరిష్కారం: కొత్త చట్టం కోసం కాచుకుని కూర్చోనవసరం లేదు. లైసెన్సు ఇచ్చే అధికారి షరతులు కూడా పెట్టవచ్చు. రిజిస్టరు, నిల్వ గడువు, రాత్రి కొనుగోళ్లపై నిషేధం, గేటు దగ్గర కెమెరా: వీటిని పంచాయతీ పాలకవర్గం తీర్మానంలో చేర్చి, లైసెన్సు కాగితం మీదే అచ్చు వేయాలి. ముందు న్యాయ సలహా తీసుకుంటే కోర్టులో నిలుస్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2013 చట్టం కింద తుక్కు వ్యాపారులకు లైసెన్సు ఇచ్చేది స్థానిక కౌన్సిలే. అమ్మేవారి చిరునామా సరిచూడాలి, రికార్డులు మూడేళ్లు ఉంచాలి, తుక్కు లోహానికి నగదు ఇవ్వకూడదు.

మన దగ్గర నగదు పూర్తిగా ఆపడం కష్టం. రాగికి, ఇత్తడికి మాత్రం యూపీఐ తప్పనిసరి చేయవచ్చు. సోడా బండి దగ్గర కూడా ఫోనుతో చెల్లిస్తున్న కాలంలో తుక్కు కొట్టుకు మినహాయింపు ఎందుకో నాకు అర్థం కాదు. ఇంకో ఆధారం పన్ను కాగితాల్లోనే ఉంది. 2024 అక్టోబరు 10 నుంచి, జీఎస్టీ నమోదు లేని వ్యాపారి దగ్గర లోహపు తుక్కు కొన్న నమోదిత వ్యాపారే పన్ను కట్టాలి, బిల్లు కూడా తానే రాసుకోవాలి. గోడౌను దాకా పోయిన సరుకు జాడ అక్కడ దొరుకుతుంది.

లక్షణం: ఫిర్యాదు ఇస్తే "చిన్న కేసు" అని పక్కన పెడతారు

కారణం: పోయిన సొత్తు విలువ 5,000 రూపాయల లోపైతే పోలీసులు మెజిస్ట్రేట్ అనుమతి లేకుండా దర్యాప్తు చేయలేరు. చాలామంది రైతులు కేబుల్ ఒక్కటే రాసి, దానితోపాటు పోయిన స్టార్టర్ సంగతి మరచిపోతారు.

పరిష్కారం: పోయినవన్నీ బిల్లులతో సహా రాయండి. మంచినీటి పథకం మోటారో వీధి దీపాల తీగో పోతే అది స్థానిక సంస్థ ఆస్తి అని ఫిర్యాదులో స్పష్టంగా ఉండాలి. అప్పుడు న్యాయ సంహిత 305 వర్తిస్తుంది, శిక్ష ఏడేళ్ల వరకు. నూనె పారబోసి ట్రాన్స్‌ఫార్మర్ కాయిల్ ఎత్తుకెళ్తే విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేయండి, తెగిన తీగల దగ్గరికి మాత్రం వెళ్లకండి. విద్యుత్ చట్టంలో 136వ సెక్షన్ దొంగకు, 137వది కొన్నవాడికి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపవచ్చు.

లక్షణం: మన ఊళ్లో కట్టుదిట్టం, సరుకు పక్క ఊళ్లో తేలుతుంది

కారణం: చించినాడ వంతెన దాటితే జిల్లా మారుతుంది. ఎదుర్లంక వంతెన దాటి యానాం వెళ్తే ప్రభుత్వమే మారుతుంది, అది పుదుచ్చేరిది. మన పంచాయతీ షరతు అక్కడ చెల్లదు, శిక్షాస్మృతి మాత్రం ఒక్కటే.

పరిష్కారం: లైన్‌మెన్, ఆక్వా రైతులు, కొట్ల యజమానులు, రెండు ఒడ్డుల స్టేషన్లు ఉండే ఒక వాట్సాప్ గ్రూపు. వస్తువు పోయిన గంటలోపు ఫొటో అందులో పడాలి. ఉల్లిపాయలిచ్చి పాత సామాన్లు తీసుకునే బళ్లవారిని వేధించకండి. వారు సరుకు వేసే కొట్టు పేరుతో ఒక కార్డు ఇప్పిస్తే చాలు.

లక్షణం: నిజాయితీపరుడైన వ్యాపారే ముందు గోల పెడతాడు

అతని బాధలో న్యాయముంది. తాను కార్డు అడిగితే అమ్మేవాడు ఎదుటి కొట్టుకు పోతాడు. కాబట్టి షరతులు అన్ని కొట్లకూ ఒకే రోజు నుంచి అమలు కావాలి. పాత ఇత్తడి కరిగించి సామాను పోసే అజ్జరం లాంటి చోట్ల బిల్లున్న సరుకుకు గిరాకీ పెంచితే అతనికీ గిట్టుబాటు. పట్టుబడిన కొట్టు లైసెన్సును ఒక్కసారైనా నిజంగా సస్పెండ్ చేయకపోతే మాత్రం ఎవరూ లెక్కచేయరు.

తీర్మానానికి తగిన సమయం ఫిబ్రవరి. లైసెన్సుల గడువు మార్చి 31తో ముగుస్తుంది. ఆ తర్వాత కాలువలు కట్టేస్తారు. మరమ్మతులకు విప్పిన షట్టర్లూ రాడ్లూ గట్ల మీద పడి ఉండేది ఆ రోజుల్లోనే.