పాత టాకీసులో ఊరి బొమ్మ వేయాలంటే

మూతపడ్డ మా ఊరి టాకీసును బాగుచేసి నాటకాల హాలుగా మార్చారు. లోపలి వరండాలో ఊరంతా కలిసి ఒక పెద్ద బొమ్మ వేద్దామని కుర్రాళ్లు నన్ను పిలిచారు. ఫ్లెక్సీలు రాకముందు సినిమా బ్యానర్లు వేసినవాణ్ణి కదా! మీ ఊళ్లోనూ అలాంటి ఆలోచన ఉంటే నా పద్ధతి ఇదీ.

ముందు గోడను అరచేత్తో రుద్దండి. తెల్లగా పొడి అంటిందంటే సున్నం గోడ కావచ్చు. పాత గోడలు నేల తేమను పీల్చుకుంటాయి, సున్నం దాన్ని బయటికి వదిలేస్తుంది. దానిమీద పుట్టీ పెట్టి ప్లాస్టిక్ పెయింట్ కొడితే తేమకు దారి ఉండదు. ఉప్పు పట్టి, బొమ్మ పెచ్చులుగా ఊడుతుంది. అందుకే గోడ జోలికి పోకుండా వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ మీద వేసి తగిలించమంటాను. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూడా కూర్చుని రంగు వేయొచ్చు, పిల్లల్ని పరంజా ఎక్కించే టెన్షనూ ఉండదు.

హీరోల బొమ్మలు మాత్రం వద్దు. ఒకరి తల కాస్త చిన్నగా వచ్చిందంటే ప్రారంభోత్సవం రోజే గొడవ. అక్కడ పనిచేసినవాళ్లనీ, సినిమాలు చూసినవాళ్లనీ కూర్చోబెట్టి అడగండి. మాకు నేల, బెంచీ, కుర్చీ టికెట్ల కిటికీలు, ఇంటర్వెల్ గోళీసోడా దొరికాయి. అన్నిటికంటే నాకు నచ్చింది, ప్రొజెక్టర్‌లో వెలుగు కోసం వాడిన కార్బన్ కడ్డీలు అరిగిపోయాక ఆపరేటర్ పారేసే ముక్కల కోసం పిల్లలు ఎగబడటం. ఈ కాలం పిల్లలు కార్బన్ అంటే ఏంటన్నారు. ఎదురెదురుగా రెండు కడ్డీల కొసలు, మధ్యలో కళ్లు జిగేల్‌మనే వెలుగు పెద్దగా గీశాం.

8×4 షీట్లు ఐదు నిలువుగా పేరిస్తే 20 అడుగుల వెడల్పు వస్తుంది. రెండు వైపులా, అంచులకూ ప్రైమర్ కొట్టండి. అంచులు వదిలేస్తే ప్లైవుడ్ అక్కడినుంచే ఉబ్బుతుంది. కాగితం మీది చిన్న బొమ్మకు అంగుళానికో గడి, షీట్ల మీద అడుగుకో గడి గీసి, గడికి గడి చూసి బొమ్మ పెద్దగా గీయండి. గడుల కోసం నీలం పొడి రాసిన పురికొసను ఇద్దరు బిగించి పట్టుకుంటే, మధ్యలో లాగి వదలడమే, తిన్నగా గీత పడుతుంది.

బొమ్మ గీయడం అయ్యాక ఒక్కో భాగంలో రంగు నంబరు సుద్దతో రాయండి. ఒక్కో రంగూ సరిపడా ఒకేసారి కలిపి మూత డబ్బాల్లో పోయండి. రెండోసారి కలిపితే ఆ షేడ్ మళ్లీ రాదు. నీళ్లతో కలిపే ఎమల్షనే వాడండి, ఎనామిల్ వాసనకు మూసిన హాల్లో పిల్లలు ఉండలేరు. రంగులు ఎవరైనా నింపొచ్చు. ముఖాలు, నల్ల గీతలు మాత్రం ఒక్కరే వేయాలి. ఈ విషయంలో మొహమాటపడకండి, మాట పడ్డా ఫర్వాలేదు.

గోడకు రీపర్లు, అంటే సన్నటి చెక్క పట్టీలు బిగించి, వాటికి షీట్లను స్క్రూలతో కొట్టించండి. వెనక అంగుళం సందు ఉంటే గాలి ఆడుతుంది. మిగిలిన రంగు డబ్బాల మీద నంబర్లు రాసి ఆపరేటర్ గదిలో దాచండి. చేతులు తగిలే కింది మూడడుగులకూ మళ్లీ మళ్లీ పని పడుతుంది.