పాత ఇంజన్ ఆయిల్ పారబోసే ముందు అయస్కాంతం పెట్టి చూడండి
మిర్యాలగూడ వైపు కేజ్‌వీల్స్‌తో దమ్ము చేసే ట్రాక్టర్లకు బేరింగులు అరుగుతున్న సంగతి ఇంజన్ కొట్టుకునే దాకా తెల్వదు. ఆయిల్ గోరువెచ్చగా ఉండగానే వదిలి, చివర్ల కారే పావు లీటరు వేరే డబ్బాలో పట్టండి. దానికి సమానంగా డీజిల్ కలిపి తెల్లటి పంచెగుడ్డలో వడగట్టి, ఎండలో పరిచి అయస్కాంతం తిప్పండి. అంటుకునేది ఇనుము: పిస్టన్ రింగులు, వాటి చుట్టూ ఉండే లైనర్, పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంక్‌ది. అంటుకోకుండా రాగిరంగులో మెరిసే పొరలుంటే ఎక్కువగా క్రాంక్ చుట్టూ ఉండే అరచంద్రం రేకులు, అంటే బేరింగ్ షెల్స్‌వే. వెంటనే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ విప్పించండి. క్రాంక్‌కు గీతలు పడకముందైతే షెల్స్ ఖర్చుతోనే పోతుంది. 15డబ్ల్యూ-40 గ్రేడు ఆయిల్ పోయాల్సిన చోట అంతకంటే చిక్కటిది పోస్తే శబ్దం తగ్గొచ్చు, అరుగుడు ఆగదు.

కొత్త ఇంజన్, బోరు చేసిన (సిలిండర్ లోపల మళ్లీ చెక్కించిన) ఇంజన్ మొదటి ఆయిల్‌లో లోహపు రజను మామూలే, అక్కడ ఈ పరీక్ష పనికిరాదు. గుడ్డ శుభ్రంగా ఉన్నా నమ్మొద్దు, రజను ఫిల్టర్‌లో ఆగి ఉండొచ్చు; దాన్నీ కోసి చూడండి.