ఇంట్లో సముద్రం – 6వ పాఠం: ఎనిమోన్‌ని దించడం, క్లౌన్ చేపతో కలపడం

కిందటి పాఠంలో రెండు క్లౌన్ చేపల్ని ట్యాంకులోకి వదిలాం. రెండూ పుట్టుకతో మగవే అనీ, వాటిలో పెద్దది ఆడదిగా మారుతుందనీ చెప్పుకున్నాం. ఈపాటికి అవి మీ చేతిని గుర్తుపట్టి, మేత వేసే వేళకి అద్దం దగ్గరికి వస్తూ ఉండాలి.

ఇక ఎనిమోన్. చూడటానికి పువ్వులా ఉండి, రాతికి పాదం ఆనించి బతికే సముద్రజీవి ఇది. ఈ పాఠం చదివిన రోజే వెళ్ళి కొనకండి. ముందు మీ నోటు పుస్తకం తీసి, ట్యాంకులో నీళ్ళు నింపిన తేదీ చూడండి. ఆరు నెలలు నిండకపోతే ఈ పాఠం చదివి దాచుకోండి. నిండితే గత ఆరు వారాల రీడింగులు చూడండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. నైట్రేట్ 10 పీపీఎం (పది లక్షల వంతుల్లో పది) అటూ ఇటూగా ఉండాలి. సెలినిటీ, అంటే నీళ్ళలో ఉప్పు, 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35), వేడి 25 నుంచి 27 డిగ్రీలు, ఆల్కలినిటీ, అంటే నీళ్ళు పులుపెక్కకుండా ఆపే గుణం, దాన్ని కొలిచే డీకేహెచ్ లెక్కలో 8 నుంచి 11. రొయ్యల చెరువులున్నవాళ్ళు ఆల్కలినిటీని పీపీఎంలో రాసుకుంటారు కాబట్టి వాళ్ళకి ఆ లెక్కలోనే చెబుతాను: 1 డీకేహెచ్ అంటే దాదాపు 18 పీపీఎం. అంటే 145 నుంచి 200 మధ్య. ఈ అంకెలు ఒక్కరోజు సరిగా రావడం గొప్ప కాదు, ఆరు వారాలూ కదలకుండా ఉండాలి.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఎనిమోన్ నీళ్ళు నింపుకున్న సంచిలాంటి జీవి. ఎముక లేదు, మొప్పలు లేవు, తినడానికీ విసర్జించడానికీ ఒకటే నోరు. బయట నీళ్ళు ఎలా ఉంటే లోపలా అలాగే. మన వనామీ రొయ్య 5 పీపీటీలోనూ పెరుగుతుంది, 35లోనూ పెరుగుతుంది. ఆ అలవాటుతో ఎనిమోన్‌ని చూస్తే దాన్ని చంపుకుంటాం. అంతర్వేది దగ్గర సముద్రపు నీళ్ళు పట్టి తెచ్చుకోవచ్చా అని మనవైపు చాలామంది అడుగుతారు. వద్దు. గోదారికి ఎర్రనీరు వచ్చినప్పుడు అక్కడ సముద్రంలో ఉప్పు ఎంతకి పడిపోతుందో, ఎంత ఒండ్రు కలుస్తుందో మీరు చూసే ఉంటారు. ఆ మంచినీరూ ఆ ఒండ్రూ పగడాలకి పడవు, ఎనిమోన్‌కీ పడవు. 2వ పాఠంలో చెప్పినట్టు ఆర్వో నీళ్ళలో సింథటిక్ సాల్ట్ కలుపుకోవడమే దారి.

ఇంకో రెండు సంగతులు మన ప్రాంతం వాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. చెరువు దగ్గర నాచుకి మైలతుత్తం కలిపిన బకెట్టు, మగ్గు, పైపు ఏదీ ఈ ట్యాంకు దరిదాపులకి రానివ్వకండి. మైలతుత్తంలో ఉండేది రాగి. చేపలకి రోగం వస్తే వాడే కొన్ని మందుల్లో ఉండేదీ అదే. చేప తట్టుకునే మోతాదులో కూడా అది ఎనిమోన్‌ని చంపేస్తుంది. రెండోది దోమల మందు. సాయంత్రమయ్యేసరికి మన ఇళ్ళల్లో స్ప్రే కొట్టడమో కాయిల్ వెలిగించడమో తప్పదు. ఎయిర్ పంపు పీల్చేది ఆ గదిలోని గాలినే. ట్యాంకు ఉన్న గదిలో దోమతెర కట్టుకోండి, మందులు మానేయండి.

ట్యాంకు ఎంత ఉండాలన్నది అందరికీ ఉండే సందేహం. 3 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల లోతు ఉన్న ట్యాంకులో దాదాపు 190 లీటర్లు పడతాయి. నా లెక్కలో అంతకి తగ్గితే ఎనిమోన్ మాట తలపెట్టకపోవడమే మంచిది. క్లౌన్ చేపలు ఎనిమోన్ లేకుండా మన ట్యాంకుల్లో నిశ్చింతగా బతుకుతాయి. కాబట్టి చేపకి ఇల్లు కావాలన్న జాలితో కొనకండి. ఎనిమోన్‌ని సాకాలన్న కోరిక మీకుంటేనే కొనండి. అది ఎంతకాలం ఉండే ప్రాణమో తెలుసుకోవాలంటే ఒక్క ఉదాహరణ చాలు. స్కాట్లండ్‌లో జాన్ డాలియెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1828లో సముద్రపు ఒడ్డున ఒక ఎనిమోన్‌ని తీసి గాజు జాడీలో పెట్టుకున్నారు. ఆయన 1851లో పోయారు. ఆ ఎనిమోన్ చేతులు మారుతూ 1887 దాకా బతికింది. అది చల్లనీళ్ళ రకం, మనం తెచ్చుకునేది వేరే రకం. అయినా ఆరు నెలలకి చచ్చిపోవడం దాని స్వభావం కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

సముద్రంలో ఎనిమోన్లు వెయ్యి రకాలకి పైనే ఉన్నా, క్లౌన్ చేపలు కాపురం చేసేది వాటిలో పది రకాలతోనే. కొత్తవాళ్ళు బబుల్ టిప్ రకం తెచ్చుకోండి. మనం పెంచే ఓసిలారిస్ క్లౌన్‌కి ఇది సముద్రంలో సహజమైన తోడు కాకపోయినా, ట్యాంకుల్లో చాలాసార్లు కలుస్తుంది. కార్పెట్ రకం చవగ్గా ఇస్తామన్నా తీసుకోకండి. అది పట్టిందంటే చిన్న చేపల్ని మింగేస్తుంది.

కొట్లో చూడాల్సింది మొదట రంగు. నా మొదటి ఎనిమోన్ పాలలా తెల్లగా ఉండేది. అదొక అరుదైన రకమని చెప్పి నాకు అమ్మారు. నేను మురిసిపోయి తెచ్చుకున్నాను. మూడు వారాల్లో అది కుంచించుకుపోయి, చివరికి జిగురులా కరిగిపోయింది. ఎనిమోన్ ఒంట్లో కంటికి కనపడని నాచు ఉంటుంది. వెలుతురుతో అది వండే తిండే ఎనిమోన్‌కి ముఖ్యమైన ఆహారం. ఆ నాచు పోయినప్పుడే ఒళ్ళు తెల్లబడుతుంది. అంటే నేను తెచ్చుకున్నది ఆకలితో చస్తున్న జీవిని. గోధుమరంగో, ఆకుపచ్చ కలిసిన గోధుమరంగో ఉన్నది ఎంచుకోండి. నోరు బిగుసుకుని ఉండాలి, వెలుపలికి తెరుచుకుని వేలాడకూడదు. అడుగున పాదం చిరగకుండా ఉండాలి. కొట్టువాళ్ళు దాన్ని రాతి మీంచి పీకబోతే వద్దనండి. రాయితో సహా ఇమ్మని అడగండి, నాలుగు డబ్బులు ఎక్కువైనా పర్వాలేదు.

ఇంటికి తెచ్చాక చేసే పని రొయ్య సీడు వదిలినవాళ్ళకి నేర్పక్కర్లేదు. హేచరీ నుంచి వచ్చిన సీడు కవర్లని ముందు చెరువులో తేలేసి, వేడి కలిశాక మెల్లగా చెరువు నీళ్ళు కలుపుతాం కదా, ఇదీ అంతే. కవర్‌ని ట్యాంకులో అరగంట తేలేయండి. తర్వాత ఎనిమోన్‌ని కవర్ నీళ్ళతో సహా కొత్త బకెట్‌లోకి తీసి, సన్నటి ఎయిర్ ట్యూబుకి ముడి వేసి, ట్యాంకు నీళ్ళు సెకనుకి రెండు మూడు చుక్కల చొప్పున పడనివ్వండి. బకెట్‌లో సెలినిటీ ట్యాంకుతో సమానమయ్యేదాకా గంట పట్టినా ఆగండి. మొదటిసారి నేను ముడి వదులు చేయబోతుంటే, సీడు వ్యాపారం చేసే మా బావ చెయ్యి పట్టుకున్నాడు. “తొందరపడకు బావా, కవర్లో ఉన్నంతసేపే అది మన చేతిలో ఉంటుంది. లోపల పడ్డాక దాని ఇష్టం” అన్నాడు.

దించే ముందు వేవ్‌మేకర్, అంటే ట్యాంకు నీళ్ళని కదిలించే మోటారు, ఆపేయండి. దాని జాలీకి మెత్తటి స్పాంజో, సన్నకంత వలగుడ్డో కట్టి తీరాలి. ఈ పాఠంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటానంటే, ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఎనిమోన్ పెట్టినచోట ఉండదు. పాదంతో అంగుళం అంగుళం జరుగుతూ, ఎక్కువగా రాత్రిపూట, తనకి నచ్చిన చోటు వెతుక్కుంటుంది. ఆ నడకలో రెక్క తిరిగే జాలీ దగ్గరికి వెళ్ళిందా, లోపలికి లాక్కుపోయి ముక్కలవుతుంది. తెల్లారి లేచేసరికి నీళ్ళు పాలలా మసకబారి ఉంటాయి, ఆ విషానికి చేపలు కూడా పోతాయి. ఎనిమోన్ ఒకచోట వారం రోజులు కుదురుకునేదాకా ఆ స్పాంజు తీయకండి, రోజూ కడిగి మళ్ళీ కట్టండి.

గ్లవ్స్ వేసుకుని, రాయి మధ్య సందున్న చోట పాదం ఆనేట్టు ఎనిమోన్‌ని ఉంచండి. బబుల్ టిప్‌కి పాదం చీకటి సందులో, నోటి చుట్టూ ఉండే చేతివేళ్ళలాంటి తీగలు వెలుగులో ఉండటం ఇష్టం; ఆ తీగల్నే ఇకపై వేళ్ళు అంటాను. గంట తర్వాత వేవ్‌మేకర్ వేయండి. మొదటి రోజుల్లో లైటు నాలుగైదు గంటలు చాలు, రెండు వారాల్లో మెల్లగా మామూలు వేళకి తేండి. అది ముడుచుకుపోయి గుప్పెడు ముద్దలా కనిపిస్తే టెన్షన్ పడకండి. లోపలి పాతనీళ్ళు వదిలి కొత్తనీళ్ళు నింపుకుంటుంది, సాయంత్రానికి మళ్ళీ విచ్చుకుంటుంది. రెండు రోజులైనా విచ్చుకోకుండా, ఒళ్ళు చీకిపోతూ, కుళ్ళు వాసన వస్తే మాత్రం ఆలోచించకుండా బయటికి తీసేయండి.

వారం దాకా మేత వద్దు. ఆ తర్వాత వారానికి ఒక్కసారి చిటికెనవేలి గోరంత ముక్క చాలు. ఇంట్లో కూరకి తెచ్చిన రొయ్యలో ముక్క పెట్టొచ్చు, ఉప్పు, పసుపు తగలకముందు తీయాలి. కానీ మీ ట్యాంకులో క్లీనర్ రొయ్య (చేపల ఒంటిని శుభ్రం చేసే రొయ్య) ఉంటే చెరువు రొయ్య పెట్టకండి. చెరువు రొయ్యల్లో ఉండగల వైట్ స్పాట్ (తెల్లమచ్చల రోగం) వైరస్ ఫ్రిజ్‌లో గడ్డకట్టినా చావదు. చేపలకి ఏమీ కాదు, మీ క్లీనర్ రొయ్య పోతుంది. దానికి బదులు వంజరం ముక్క పెట్టండి.

ఇక క్లౌన్ చేప సంగతి. దాన్ని వలతో పట్టి ఎనిమోన్ మీదికి తోయడం నేను చూశాను, అది తప్పు. వాటికి వాటి వేళ వస్తుంది. మా ట్యాంకులో 23 రోజులు పట్టింది. అన్నాళ్ళూ ఆ జంట హీటర్ వెనక మూలలోనే పడుకునేవి. ఒకరోజు మధ్యాహ్నం పెద్దది ఎనిమోన్ ముందు ఆగింది. తోక చివరతో ఒక వేలిని తాకి, చురుక్కుమన్నట్టు వెనక్కి ఎగిరింది. మళ్ళీ వచ్చింది. ఈసారి పొట్ట కింది రెక్క ఆనించింది. పది నిమిషాలు ఇలా తాకడం, తప్పుకోవడం, తాకడం. ఎనిమోన్ వేళ్ళలో తాకగానే పేలే సూదుల్లాంటి కణాలుంటాయి. చేప ఒంటి మీది జిగురు వాటిని పేలనివ్వకుండా ఆపుతుంది. సాయంత్రానికి అది పక్కకి వాలి, వేళ్ళ మధ్య ఒళ్ళంతా రుద్దుకుంటూ, చంటిపిల్ల పక్కబట్టల్లో దొర్లినట్టు దొర్లింది. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి పొయ్యి సంగతి మరిచిపోయి అక్కడే నిలబడిపోయింది. చిన్నది మూడో రోజుకి చేరింది.

చేప విసర్జించే అమ్మోనియా ఎనిమోన్‌లోని నాచుకి ఎరువు. చేప రాత్రంతా కదులుతూ ఉంటే వేళ్ళ మధ్య నీరు నిలవకుండా ఉంటుంది. మీ చేపలు ఎప్పటికీ దాని దగ్గరికి పోకపోతే, అలాగే ఉండనివ్వండి. చేపలూ బాగుంటాయి, ఎనిమోనూ బాగుంటుంది.

వచ్చే పాఠం దాకా మీ పని: ఎనిమోన్ ఎక్కడుందో, విచ్చుకుందో లేదో రోజూ పొద్దున, రాత్రి ఒక్కో ముక్క రాయండి. ఆవిరైన నీటికి బదులు ఉప్పునీళ్ళు పోయకండి, ఆర్వో నీళ్ళే పోయండి. 7వ పాఠంలో ఎండాకాలం వేడి, తుఫాను రోజుల్లో కరెంటు పోతే ట్యాంకుని ఎలా నిలబెట్టుకోవాలో చూద్దాం. ఈలోగా ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళున్నాయో లేదో ఒకసారి చూసి ఉంచండి.