క్రాన్ జాబ్ నడవట్లేదా? ముందు లాగ్ తెరవండి

"టెర్మినల్‌లో నడిపితే చక్కగా నడుస్తోంది, క్రాన్‌లో పెడితే నడవట్లేదు." (క్రాన్ అంటే లినక్స్‌లో చెప్పిన టైమ్‌కి కమాండ్‌ని దానంతటదే నడిపే ప్రోగ్రామ్, అది నడిపే ఒక్కో పని ఒక జాబ్.) ఈ మాట విన్నప్పుడల్లా నేను అడిగేది ఒక్కటే: లాగ్, అంటే సిస్టమ్ ఏం చేసిందో రాసుకునే ఫైల్, చూశారా? చాలామంది చూసి ఉండరు. టైమింగ్ మారుస్తారు, సర్వర్ రీస్టార్ట్ చేస్తారు, స్క్రిప్ట్‌కి 777 పర్మిషన్ (అందరికీ అన్ని హక్కులు) ఇచ్చేస్తారు. లాగ్ మాత్రం తెరవరు. జాబ్ అసలు మొదలే కాకపోవడం ఒక సమస్య, మొదలై చతికిలపడటం ఇంకో సమస్య. మీది ఏదో తేలకుండా ఏం మార్చినా లాభం లేదు.

ఉబుంటులో వార్ లాగ్ ఫోల్డర్‌లోని సిస్‌లాగ్ ఫైల్‌లో క్రాన్ అన్న పేరు కోసం గ్రెప్ (వెతికే కమాండ్) చేయండి. రెడ్ హ్యాట్ కుటుంబపు లినక్స్‌లలో ఇదే ఫోల్డర్‌లో క్రాన్ పేరుతో విడిగా ఫైల్ ఉంటుంది. డెబియన్ 12లో సిస్‌లాగ్ ఫైల్ కనబడకపోతే కంగారు పడకండి, జర్నల్‌సీటీఎల్ కమాండ్‌తో చూడండి. జాబ్ నడవాల్సిన నిమిషం దగ్గర సీఎండీ (క్రాన్ మొదలుపెట్టిన కమాండ్) అని ఒక లైన్ ఉందా లేదా అన్నదే ప్రశ్న.

లైన్ లేదు

ఎక్కువసార్లు కారణం టైమ్‌జోన్. క్లౌడ్ సర్వర్లు సాధారణంగా యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)లో ఉంటాయి. మన టైమ్ దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు. రాత్రి 2 గంటలకు నడవాలంటే అక్కడ రాయాల్సింది 30 20 * * * (వరసగా నిమిషం, గంట, తేదీ, నెల, వారం; * అంటే ఏదైనా సరే). అది ముందు రోజు సాయంత్రం కాబట్టి వారం కూడా వెనక్కి జరుగుతుంది. మన సోమవారం తెల్లవారుజాము 2 అంటే అక్కడ ఆదివారం 20:30. సర్వర్ టైమ్‌జోన్‌నే మార్చేస్తే క్రాన్ సర్వీస్‌ని తప్పకుండా రీస్టార్ట్ చేయండి, లేకపోతే అది పాత టైమ్‌నే పట్టుకుని ఉంటుంది.

టైమ్ సరిగ్గానే ఉంటే, ఎంట్రీ ఏ యూజర్ క్రాన్‌ట్యాబ్‌లో (జాబ్‌ల జాబితా ఫైల్) ఉందో చూడండి. మీరు రూట్ (అడ్మిన్ యూజర్)లో వెతుకుతుంటే అది మీ సొంత లాగిన్ కింద ఉండొచ్చు.

లైన్ ఉంది, పని జరగలేదు

మీరు లాగిన్ అయినప్పుడు వచ్చే సెట్టింగులు క్రాన్‌కి రావు. డెబియన్, ఉబుంటుల్లో దానికి మామూలుగా తెలిసిన పాత్ (ప్రోగ్రామ్‌ల కోసం వెతికే ఫోల్డర్లు) రెండు బిన్ ఫోల్డర్లే. షెల్ (కమాండ్‌లను చదివి నడిపే ప్రోగ్రామ్) కూడా బాష్ కాదు, ఎస్‌హెచ్. అందుకే విడిగా వేసుకున్న నోడ్, పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, యూజర్ లోకల్‌లో వేసుకున్న టూల్స్ ఏవీ దొరకవు. ప్రతి ప్రోగ్రామ్‌కీ, ప్రతి ఫైల్‌కీ పూర్తి పాత్ (అది ఉన్న ఫోల్డర్‌తో సహా మొత్తం అడ్రస్) రాయండి. లైన్ చివర అవుట్‌పుట్‌నీ ఎర్రర్లనీ ఒక ఫైల్‌లోకి మళ్లించండి: >> తర్వాత ఫైల్ పేరు, ఆ తర్వాత 2>&1. ఇది చేయకపోతే క్రాన్ ఆ ఎర్రర్‌ని మెయిల్ చేయబోతుంది. సర్వర్‌లో మెయిల్ ప్రోగ్రామ్ లేకపోతే పారేస్తుంది. పారేసినట్టు లాగ్‌లో రాస్తుంది కూడా.

ఎర్రర్ ఫైల్ పెట్టాను, అది కూడా పుట్టలేదు

ఇక్కడే జనం రోజులకు రోజులు పోగొట్టుకుంటారు. బ్యాకప్ ఫోల్డర్ ఖాళీ, ఎర్రర్ ఫైల్ అసలు పుట్టనే లేదు, అదే కమాండ్ కాపీ చేసి టెర్మినల్‌లో పేస్ట్ చేస్తే మాత్రం బ్రహ్మాండంగా నడుస్తుంది. కమాండ్‌లో % గుర్తు ఉందేమో చూడండి.

క్రాన్‌ట్యాబ్‌లో % మామూలు అక్షరం కాదు. మొదటి % దగ్గరే క్రాన్ కమాండ్‌ని కోసేస్తుంది. ఆ తర్వాత ఉన్నదంతా కమాండ్‌లో భాగం కాదు, దానికి స్టాండర్డ్ ఇన్‌పుట్‌గా, అంటే కీబోర్డ్‌లో టైప్ చేసి ఇచ్చినట్టుగా, వెళ్తుంది. ఫైల్ పేరులో తేదీ పెట్టే అలవాటు అందరికీ ఉంటుంది కాబట్టి ఇది ఎక్కువగా బ్యాకప్‌ల మీదే పడుతుంది. వెబ్ ఫోల్డర్‌ని తేదీ పేరుతో ఒక ఫైల్‌గా కట్టే కమాండ్‌ని చదవడానికి వీలుగా తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను:

30 20 * * * టార్ సీజెడ్ఎఫ్ /బ్యాకప్/సైట్-$(డేట్ +%ఎఫ్).టీజీజెడ్ /వెబ్ >> /బ్యాకప్/లాగ్ 2>&1

ఇందులో షెల్‌కి చేరేది "డేట్ +" వరకే. బ్రాకెట్ మూతపడలేదు కాబట్టి షెల్ సింటాక్స్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఆ ఎర్రర్‌ని పట్టుకోవాల్సిన >> భాగం % తర్వాత ఉంది, అది కూడా తెగిపోయింది. మీరు జాగ్రత్తగా పెట్టుకున్న ఎర్రర్ ఫైల్ పుట్టకపోవడానికి కారణం ఇదే. సిస్టమ్ లాగ్‌లోని సీఎండీ లైన్ చివరిదాకా చదివితే అక్కడా కమాండ్ సగంలోనే ఆగి కనిపిస్తుంది. లైన్ ఉందా లేదా అని మాత్రమే చూసి వెళ్లిపోయేవాళ్లు దీన్ని గమనించరు.

కోట్స్‌లో పెడితే సరిపోతుందనుకోకండి. షెల్ కోట్స్‌ని చూసేలోపే క్రాన్ కోసేస్తుంది.

ఇంతకన్నా ప్రమాదకరమైన రూపం ఇంకొకటి ఉంది. కర్ల్‌కి (వెబ్ అడ్రస్ నుంచి డేటా తెచ్చే కమాండ్) ఇచ్చిన యూఆర్ఎల్‌లో స్పేస్ బదులు %20 ఉంటుంది, చుట్టూ కోట్స్ ఉండవు. అప్పుడు సింటాక్స్ తప్పు కాదు. తెగిన యూఆర్ఎల్‌తోనే కర్ల్ నడుస్తుంది, ఏదో ఒక జవాబు వస్తుంది, జాబ్ సక్సెస్ అనిపిస్తుంది. తప్పు డేటా రోజూ చేరుతూనే ఉంటుంది.

పరిష్కారం రెండు రకాలు. ప్రతి % ముందు \ పెట్టొచ్చు, క్రాన్ ఆ \ ని తీసేసి % ని షెల్‌కి పంపుతుంది. కానీ నేను ఎప్పుడూ చెప్పేది రెండోదే: కమాండ్ మొత్తాన్ని ఒక స్క్రిప్ట్ ఫైల్‌లో పెట్టి, క్రాన్‌ట్యాబ్‌లో ఆ ఫైల్ పాత్ మాత్రం రాయండి. స్క్రిప్ట్ లోపల % మామూలు అక్షరమే. క్రాన్‌ట్యాబ్ నుంచి స్క్రిప్ట్‌లోకి మార్చేటప్పుడు \ లు తీసేయడం మరవద్దు, కోట్స్ లోపల అవి మిగిలిపోతే ఫైల్ పేర్లలోకి ఎక్కుతాయి.

నడవకూడని రోజు కూడా నడుస్తోంది

నెలలో మొదటి సోమవారం కోసం 0 9 1-7 * 1 అని రాస్తే 1 నుంచి 7 వరకు ప్రతిరోజూ, ఆపైన ప్రతి సోమవారమూ నడుస్తుంది. తేదీ, వారం రెండూ ఇస్తే క్రాన్ ఏదో ఒకటి కలిసినా చాలంటుంది. వారం దగ్గర * పెట్టి, ఈరోజు సోమవారమేనా అన్నది స్క్రిప్ట్‌లో చెక్ చేయండి. క్రాన్‌ట్యాబ్‌లోనే చేస్తే డేట్ కమాండ్‌తో మళ్లీ % వస్తుంది.

అరుదుగా వచ్చేవి

క్రాన్ డైలీ ఫోల్డర్‌లో పెట్టిన ఫైల్ పేరులో చుక్క ఉంటే డెబియన్, ఉబుంటు దాన్ని వదిలేస్తాయి, ఎక్స్‌టెన్షన్ తీసేయండి. రాత్రిపూట ఆపేసే ల్యాప్‌టాప్ అయితే అనాక్రాన్ (తప్పిపోయిన జాబ్‌లను తర్వాత నడిపే ప్రోగ్రామ్) వాడండి. పాత జాబ్ పూర్తికాకముందే కొత్తది మొదలవుతుంటే ఎఫ్‌లాక్ (ఒకేసారి ఒకటే నడిచేలా తాళం వేసే కమాండ్) పెట్టండి. క్రాన్‌ట్యాబ్ మొత్తం మాయమైతే ఎవరో క్రాన్‌ట్యాబ్ కమాండ్‌కి మైనస్ ఈ (ఎడిట్) కొట్టబోయి పక్కనే ఉన్న మైనస్ ఆర్ (తీసేయడం) కొట్టి ఉంటారు. అది మామూలుగా అడక్కుండానే అంతా చెరిపేస్తుంది కాబట్టి మైనస్ ఎల్‌తో (జాబితా చూపేది) ఒక కాపీ ఈరోజే తీసి పెట్టుకోండి.