ఫిల్మ్, డిజిటల్ ఫొటోగ్రఫీ తరగతికి ముందుగా సిద్ధం కావడం ఎలా?

ఉన్నత పాఠశాలలో ఫిల్మ్ ఫొటోగ్రఫీని, డిజిటల్ ఫొటోగ్రఫీని కలిపి నేర్పే తరగతిలో చేరబోయే విద్యార్థులు ముందుగా అడిగేది ఏ కెమెరా కొనాలనే. ఉపాధ్యాయులు పరికరాల జాబితా ఇచ్చేవరకు ఏదీ కొనకపోవడం మంచిది. కొన్ని పాఠశాలలు కెమెరాలను తామే అరువిస్తాయి. కొనక తప్పనప్పుడు అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం), షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరుచుకుని ఉండే సమయం), ఫోకస్ మూడింటినీ చేతితో మార్చుకోగల 35 మి.మీ. ఎస్‌ఎల్‌ఆర్‌ను (లెన్సులోంచే దృశ్యాన్ని చూపించే ఫిల్మ్ కెమెరాను), దానికి 50 మి.మీ. లెన్సును ఎంచుకోవాలి. 1976 నుంచి 1997 వరకు తయారైన పెంటాక్స్ కె1000 విద్యార్థుల కెమెరాగా పేరు పొందింది. దానిలో ఏ పనీ తనంతట తాను జరగదు. బ్యాటరీ లైట్ మీటరుకే (వెలుతురును కొలిచే సాధనానికే) తప్ప షట్టరుకు అక్కరలేదు.

ఫిల్మ్ కెమెరా ఎక్కువగా ఎవరో వాడినదే దొరుకుతుంది కాబట్టి పరీక్షించి తీసుకోవాలి. లోపల రోల్ లేదని నిర్ధారించుకుని, వెనుక తలుపు తెరిచి, షట్టర్‌ను 1 సెకను, 1/60, 1/500 వేగాల వద్ద నొక్కి చూడండి; తేడా కంటికీ చెవికీ తెలియాలి. లెన్సును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే లోపల సాలెగూడు వంటి బూజు కనిపించకూడదు. తలుపు అంచుల్లోని నల్లని స్పాంజి జిగటగా మారి ఊడిపోతుంటే వెలుతురు లోపలికి చొరబడి చిత్రాల మీద చారలు పడతాయి. అయితే ఆ స్పాంజిని మార్చుకోవచ్చు కనుక, కేవలం దానికోసం మంచి కెమెరాను వదులుకోనక్కరలేదు.

అసలు సన్నాహం వెలుతురును అంచనా వేయడం అలవాటు చేసుకోవడంలో ఉంది. దానికి ఒక్క ఫిల్మ్ రోల్ కూడా ఖర్చు చేయనక్కరలేదు. డిజిటల్ కెమెరాను మాన్యువల్ మోడ్‌లో పెట్టి, ఐఎస్‌ఓను (వెలుతురుకు స్పందించే తీరును తెలిపే అంకెను) 400 వద్ద ఉంచి, ఫిల్మ్ కెమెరాలో లాగే రోల్ పూర్తయ్యేవరకు దాన్ని మార్చే వీలు లేదని అనుకోండి. నీడలు పదునుగా పడే ఎండలో ఎఫ్/16 వద్ద (ఇది అపర్చర్ కొలత; అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) షట్టర్ స్పీడ్ ఐఎస్‌ఓ అంకెకు దగ్గరగా, అంటే 1/500 సెకను ఉండాలన్నది పాత సూత్రం. మబ్బు పలుచగా పట్టి నీడ అంచులు మెత్తబడితే ఎఫ్/11, నీడ లీలగా మాత్రమే కనిపిస్తే ఎఫ్/8, అసలు నీడే లేనంత మబ్బు ఉంటే ఎఫ్/5.6 సరిపోతాయి. అంటే ఆకాశం కన్నా నేల మీది నీడే మీకు మంచి మీటరు. ముందు అంచనాను కాగితం మీద రాసి, తరువాతే కెమెరా మీటరును చూడండి. వారం రోజులు ఇలా చేస్తే అంచనాకూ మీటరుకూ మధ్య తేడా బాగా తగ్గడం మీరే గమనిస్తారు.

ఇదే సమయంలో అంకెల మధ్య సంబంధం కూడా పట్టుబడుతుంది. ఎఫ్/8 వద్ద 1/125, ఎఫ్/5.6 వద్ద 1/250, ఎఫ్/11 వద్ద 1/60 ఇచ్చే వెలుతురు దాదాపు ఒకటే. కానీ మొదటిదానితో పోలిస్తే రెండవది కదలికను మరింత గట్టిగా నిలిపి నేపథ్యాన్ని మసకపరుస్తుంది, మూడవది దగ్గరనుంచి దూరం వరకు మరింత భాగాన్ని స్పష్టంగా చూపిస్తుంది. ఈ అంకెలను బట్టీ పట్టడం కన్నా, డిజిటల్ కెమెరా తెరను కాగితంతో కప్పి, ఒక ఫిల్మ్ రోల్‌లో లాగే సరిగ్గా 36 చిత్రాలు తీసి, చివరన ఒకేసారి చూడటం ఎక్కువ మేలు చేస్తుంది.

ఒక తేడాను మాత్రం ముందే మనసులో పెట్టుకోవాలి. నలుపు తెలుపు నెగటివ్‌లో చాలినంత వెలుతురు పడని నీడలు ఖాళీగా మిగిలిపోతాయి, వెలుతురు కాస్త ఎక్కువైతే మాత్రం ఫిల్మ్ ఓర్చుకుంటుంది. డిజిటల్‌లో ఇది తలకిందులు: నీడలను తరువాత కొంత లేవనెత్తవచ్చు, వెలుతురు మరీ ఎక్కువై పూర్తిగా తెల్లగా మారిన ఆకాశాన్ని తిరిగి తేలేము. అందుకే ఫిల్మ్‌కు నీడలను, డిజిటల్‌కు బాగా వెలుగుండే భాగాలను చూసుకుని కొలవాలి. హిస్టోగ్రామ్ (చిత్రంలోని చీకటి, వెలుగుల పంపిణీని ఎడమ నుంచి కుడికి చూపే గ్రాఫ్) కుడి అంచుకు గుద్దుకుంటుంటే ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి పడే వెలుతురు) తగ్గించాలి.

రోల్ కొనేటప్పుడు ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్, కొడాక్ ట్రై-ఎక్స్ 400 వంటివి తీసుకోండి. ఇల్‌ఫర్డ్ ఎక్స్‌పీ2 సూపర్ కూడా నలుపు తెలుపు ఫిల్మే అయినా, దానిని కలర్ ఫిల్మ్ రసాయనాలలో కడగాలి. తరగతి డార్క్‌రూమ్‌కు అది తగదు. రోల్ ఎక్కించి, ఫిల్మ్‌ను ముందుకు జరిపే లివర్ తిప్పిన ప్రతిసారీ ఎడమవైపు రివైండ్ నాబ్ (ఫిల్మ్‌ను వెనక్కి చుట్టే పిడి) తిరుగుతోందా అని చూడండి. అది తిరగకపోతే, చిత్రాల సంఖ్య పెరుగుతున్నా ఫిల్మ్ కదలడం లేదన్నమాట. కడిగాక అంచుల మీది అంకెలు తప్ప ఏమీ లేని రీలు చేతికొస్తుంది. రోల్ పూర్తయ్యాక వెనక్కి చుట్టకుండా తలుపు తెరవవద్దు.

డార్క్‌రూమ్ అంటే అందరికీ ఎర్రని దీపం గుర్తొస్తుంది. ఆ దీపం నలుపు తెలుపు కాగితం మీద ప్రింటు వేసేటప్పటికే; ఫిల్మ్‌ను డెవలపింగ్ ట్యాంకులోని స్పూల్‌కు చుట్టవలసింది గాఢాంధకారంలోనే. అందుకే పనికిరాని ఒక రోల్ సంపాదించి, మొదట వెలుతురులో, తరువాత కళ్లు మూసుకుని, తడబాటు లేకుండా చుట్టగలిగేవరకు సాధన చేయండి. తరగతికి ముందు చేయగల పనుల్లో ఇంతకన్నా ఉపయోగపడేది మరొకటి నాకు తోచదు. డెవలపర్ (చిత్రాన్ని బయటకు తెచ్చేది), స్టాప్ బాత్ (ఆ పనిని ఆపేది), ఫిక్సర్ (చిత్రాన్ని స్థిరపరిచేది) అనే రసాయనాల వరుసను, డెవలపర్‌ను సాధారణంగా 20 డిగ్రీల సెల్సియస్ వద్ద వాడతారన్న విషయాన్ని తెలుసుకుంటే చాలు. మిగతాది తరగతిలోనే నేర్పుతారు. ఉబ్బసం, చర్మపు అలర్జీ ఉన్నవారు రసాయనాల పని మొదలుకాకముందే ఉపాధ్యాయులకు చెప్పాలి.

డిజిటల్ వైపు సన్నాహం తక్కువే. చిత్రాలను రా (కెమెరా నమోదు చేసిన సమాచారమంతా ఉండే ఫైలు), జేపెగ్ (కుదించిన మామూలు ఫైలు) రెండింటిలోనూ భద్రపరిచేలా కెమెరాను అమర్చి, ఫైళ్లను తేదీల వారీగా రెండు వేర్వేరు చోట్ల దాచి, ఆ తరువాతే కార్డును కెమెరాలో ఫార్మాట్ చేయండి.

డిజిటల్ ఫైలు తన అపర్చర్‌ను, షట్టర్ స్పీడ్‌ను తానే రాసుకుంటుంది, ఫిల్మ్ రాసుకోదు. కనుక ఫ్రేమ్ సంఖ్య, వెలుతురు తీరు, పెట్టిన అంకెలు రాసేందుకు ఒక చిన్న నోటు పుస్తకం సంచిలో ఉంచండి. రాయడానికి పెన్సిలే వాడండి. డార్క్‌రూమ్‌లో తడి చేయి తగిలినా ఆ రాత అలుక్కుపోదు.